అత్తయ్య తొమ్మిది కోళ్ళను ఏట్లో ఎందుకు వేసింది

2025 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే, కృష్ణ మధ్యలో ఉన్న లంక నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "ఒరే, రెండు రోజుల్లో ఆరు కోళ్ళు పోయాయిరా. రాత్రి గూట్లో బాగానే ముడుచుకున్నాయి. తెల్లారి తలుపు తీస్తే కాళ్ళు చాపేసి ఉన్నాయి. ఏం చెయ్యమంటావు?"

నేను బెజవాడలో ఆఫీసుకు బయల్దేరుతూ లేసులు కట్టుకుంటున్నాను. ఆ వారమంతా టీవీలో బర్డ్ ఫ్లూ తప్ప వేరే మాట లేదు. "ఎవరికీ చెప్పకు అత్తయ్యా. చెబితే తెల్ల సూట్లు వేసుకుని వచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ చంపేస్తారు. ఏట్లో వేసెయ్" అన్నాను. చేతులు సబ్బుతో కడుక్కోమని కూడా చెప్పాను, ఏదో పెద్ద జాగ్రత్త చెప్పినట్టు.

ఆరు ఏట్లోకి వెళ్ళాయి. మర్నాటికి ఇంకో మూడు. మిగిలిన మూడింటినీ సైకిలు మీద గంపలు కట్టుకుని తిరిగే కోళ్ళాయన సగం ధరకు పట్టుకెళ్ళాడు. అవి దేంతో చచ్చాయో ఈరోజుకీ తెలియదు. తెలుసుకునే దారి మూసింది నేనే.

సలహా తప్పు, అందులో వాదన లేదు. కానీ అప్పటినుంచీ నన్ను తొలిచేస్తున్నది వేరే సంగతి. ఆ నిమిషంలో అత్తయ్య మేలు కోరేవాడు ఎవడైనా అదే చెప్పి ఉండేవాడు. పశువుల డాక్టరుకు కబురు పెడితే ఆమెకు వచ్చేదెంత, పోయేదెంత అని లెక్క వేసి చూడండి. వచ్చే వైపు దాదాపు ఖాళీ. లంకను బర్డ్ ఫ్లూకి సిద్ధం చెయ్యడమంటే పోస్టర్లు అంటించడం, ఆటోలో మైకు పెట్టి తిప్పడం అనుకుంటాం. ఆ లెక్క మారనంతకాలం ఎన్ని పోస్టర్లు అంటించినా చచ్చిన కోడి ఏట్లోకే వెళ్తుందని నా వాదన.

లంక సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. బెజవాడ దాటి కరకట్ట మీదుగా తోట్లవల్లూరు వైపు వెళ్తుంటే కుడిచేతి వైపు కృష్ణ రెండు మూడు పాయలుగా విడిపోయి కనిపిస్తుంది. ఆ పాయల మధ్య మిగిలిన భూములే లంకలు. అరటి, పసుపు, కంద, కూరగాయలు పండుతాయి. ఎండాకాలం ఇసుకలో ట్రాక్టరు దిగుతుంది. ఏటికి నీళ్ళొస్తే పడవ ఒక్కటే దారి. మా అత్తయ్యగారి లంక పొడవు మూడు కిలోమీటర్లు ఉంటుందేమో, వెడల్పు కిలోమీటరు కూడా లేదు. వంద గడపలకు లోపే. కోళ్ళు లేని గడప ఉండదు.

ఆ పన్నెండు కోళ్ళకు ఒక కథ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వదిలారు. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. ఇక్కడ సింగ్‌నగర్‌లో జనం బుడమేరు నీళ్ళలో మేడల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూస్తున్నప్పుడు అక్కడ లంకలు మునిగిపోయాయి. అత్తయ్య కోళ్ళలో రేకుల కప్పు మీదికి ఎగిరిన రెండు పెట్టలు, ఒక పుంజు బతికాయి. మిగిలిన తొమ్మిదీ ఆ మూడింటి సంతానమే. అందుకే ఫోన్‌లో ఆమె గొంతు అలా ఉంది. నేను దాన్ని కోళ్ళ గొడవ అనుకున్నాను.

చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి తెగులు తమ దాకా రాదని లంకలో చాలామంది నమ్మకం. రోడ్డు పక్క ఊళ్ళకు వస్తుంది, కోళ్ళఫారాలకు వస్తుంది, మనకెందుకొస్తుంది అంటారు. నీళ్ళు అంత గట్టి గోడ అయితే దక్షిణ అట్లాంటిక్‌లో, మనుషులు స్థిరంగా కాపురముండని సౌత్ జార్జియా దీవుల్లో ఈ వైరస్ ఉండకూడదు. 2023 అక్టోబరులో అక్కడ స్కువా పక్షుల్లో దొరికింది, ఆ తరవాత ఏనుగు సీళ్ళలో కూడా. అక్కడికి రెక్కల మీద వెళ్ళింది. మన లంకకు అంత కష్టపడనక్కర్లేదు, పడవ ఎక్కి వస్తుంది.

ఎలా అంటారా? పసుపుకూ అరటికీ లంక రైతులు కోడి ఎరువు వేస్తారు. అది పైన కోళ్ళఫారాల నుంచి లారీలో కరకట్ట దాకా వచ్చి, అక్కడి నుంచి బస్తాల్లో పడవకు గానీ ట్రాక్టరుకు గానీ ఎక్కుతుంది. ఫారంలో తెగులుంటే రెట్టలో ఉన్న వైరస్ కూడా ఆ బస్తాల్లోనే దిగుతుంది. నాటుకోళ్ళు కెలికేది ఆ ఎరువు కుప్పలనే. రెండోది గంప. కోళ్ళాయన మీద నాకు కోపం లేదు, ఆయన పొట్టకూటి కోసం తిరుగుతున్నాడు. కానీ ఒక ఊళ్ళో కోళ్ళు తూగుతున్నాయని తెలియగానే అందరూ మిగిలినవి అమ్మేస్తారు. అవి కొన్న గంపతోనే ఆయన పక్క ఊరికి పోతాడు. కోళ్ళ తెగుళ్ళన్నీ పాతకాలం నుంచీ ఈ దారినే నడిచాయి. అత్తయ్య మూడు కోళ్ళూ ఏ ఊరు చేరాయో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

మూడోది బాతులు. కోతలయ్యాక డెల్టాలో బాతుల మందలు తోలుకుంటూ తిరిగేవాళ్ళు కొంతకాలం ఏటి ఒడ్డున దిగుతారు. బాతుతో చిక్కేమిటంటే అది చాలాసార్లు వైరస్ మోస్తూ కూడా నిక్షేపంగా ఈదుతుంది. కోడి చచ్చిపోయి చెబుతుంది, బాతు చెప్పదు. కొల్లేటికీ ఉప్పలపాడుకీ చలికాలంలో వచ్చే పక్షుల గురించి పేపర్లలో రాసినంతగా ఈ బాతుల గురించి ఎవరూ రాయరు. చిన్న పడవలో ఏరు దాటేటప్పుడు నీళ్ళ మీద రెండు వందల బాతులు తెల్లగా కనిపిస్తాయి. ఆ పక్కనే రేవులో అత్తయ్య కోళ్ళు నీళ్ళు తాగుతుంటాయి.

ఇక పందెం పుంజులు. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు డబ్బు ఇక్కడే ఉంది. పట్నంలో ఉండే ఆసాములు తమ పుంజును, డేగ రంగుదో కాకి రంగుదో నెమలి రంగుదో, లంకలో ఎవరికో మేపడానికి ఇస్తారు. తోటలున్నాయి, జనసందడి తక్కువ, పోలీసుల చూపు తక్కువ. బాదంపప్పులు, కైమా పెట్టి, ఒళ్ళు గట్టిపడాలని ఏట్లో ఈత కొట్టిస్తారు. అవును, ఆ బాతులు ఈదిన ఏట్లోనే. సంక్రాంతి ముందు అవి చేతులు మారతాయి, కార్లలో భీమవరం దాకా పోతాయి, గెలిచినవి తిరిగొస్తాయి. ఓడినదాన్ని కోజ అని ఇష్టంగా వండుకుంటారు. బరిలో కత్తి గాయాల నెత్తురు మనుషుల చేతులకూ బట్టలకూ అంటుతుంది. 2004లో థాయ్‌లాండ్‌లో బర్డ్ ఫ్లూ వ్యాపించినప్పుడు పందెం కోళ్ళనూ, పొలాల్లో తిప్పే బాతుల మందలనూ ప్రత్యేకంగా పట్టించుకోవలసి వచ్చింది. మన దగ్గర పందేలకు చట్టం ఒప్పుకోదు కాబట్టి, కాగితం మీద ఆ పుంజులు లేనే లేవు. లేనిదానికి జాగ్రత్త చెప్పేదెవరు?

2025లో మనవైపు ఏం జరిగిందో గుర్తుందా? పశ్చిమ గోదావరిలో తణుకు దగ్గర వేల్పూరు, తూర్పు గోదావరిలో పెరవలి మండలం కానూరు అగ్రహారం. అక్కడి ఫారాల్లో కోళ్ళు కుప్పకూలితే నమూనాలు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్‌కు పంపారు, బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1 అని తేలింది. తరవాత ఏలూరు జిల్లా బాదంపూడి, మన ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం. అంతకు ముందు ఏడాది, 2024 ఫిబ్రవరిలో, నెల్లూరు జిల్లాలో వచ్చింది. బెజవాడలో ఆ వారం చికెన్ కొట్టు దగ్గర ఈగలు తోలుకుంటుంటే చేపల దగ్గర క్యూ. తరవాత జనం భయం పోగొట్టడానికి చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వడ్డించారు. బాగా ఉడికితే వైరస్ చస్తుంది, 70 డిగ్రీల వేడి చాలు, మన కూర అంతకన్నా ఎక్కువే ఉడుకుతుంది. ఆ మాట చెప్పడం మంచిదే. కానీ తినేవాడి భయం పోగొట్టడానికి చూపిన హుషారులో పదో వంతు పెంచేవాళ్ళ మీద చూపించి ఉంటే బాగుండేది.

మేళాల తరవాత, మార్చిలో, పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పరీక్షల్లో హెచ్5ఎన్1 అని తేలింది. కోడిని కోస్తున్నప్పుడు పచ్చి ముక్క తిన్నదని వార్తల్లో వచ్చింది. ఈ వైరస్ మనుషులకు రావడం చాలా అరుదు. వస్తే మటుకు, 2003 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర నమోదైన కేసుల్లో దాదాపు సగం మంది బతకలేదు. ఆ వార్త చదివిన రోజు నాకు గుర్తొచ్చింది అత్తయ్య మనవరాలు. చచ్చిన కోళ్ళను అత్తయ్య వట్టి చేతులతో పట్టుకుని రేవుకు వెళ్తుంటే ఆ పిల్ల వెనకాలే ఈకలు ఏరుకుంటూ నడిచిందట.

మరి అత్తయ్య తనంతట తాను ఎందుకు అనుమానించలేదు? ఆమె దృష్టిలో అది కొక్కెర తెగులు. ఏటా ఏదో ఒక వేళ వస్తుంది, సగం కోళ్ళు పోతాయి, మిగిలినవాటితో మళ్ళీ పెంచుకుంటారు. ఆమె అత్తగారూ అలాగే పెంచింది. రెండు తెగుళ్ళకూ లక్షణాలు కలిసిపోతాయి. ఉన్నట్టుండి చావడం, జుట్టు నల్లబడటం, తల వాయడం, గుడ్లు ఆగిపోవడం. పశువుల డాక్టరు కూడా కళ్ళతో చూసి ఇది ఫలానా అని చెప్పలేడు, ల్యాబ్ చెప్పాలి.

కాబట్టి లంకలో బర్డ్ ఫ్లూ పని మొదలుపెట్టవలసింది బర్డ్ ఫ్లూతో కాదు, కొక్కెర టీకాతో. వారం వయసు పిల్లకు కంట్లో చుక్క, రెండు నెలలు నిండాక సూది. ఏళ్ళనాటి టీకా, ఖరీదూ లేదు. కానీ సీసా తెరిస్తే వంద కోళ్ళకో అంతకు మించో సరిపోతుంది, కొద్ది గంటల్లో వాడెయ్యాలి, ఐసులో ఉంచాలి. పన్నెండు కోళ్ళున్న మనిషి అది కొనుక్కుని ఏం చేసుకుంటుంది? లంక మొత్తానికి ఒకే రోజు పెట్టుకుంటే సీసా ఖాళీ అవుతుంది. చేపల పెట్టెలో ఐసు వేసి పడవలో తీసుకెళ్ళవచ్చు. రోడ్డు మీది ఊళ్ళో అందరినీ ఒక పూట ఆపడం కష్టం, లంకలో తేలిక. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. కొక్కెర రాని లంకలో ఒకే రాత్రి ఆరు కోళ్ళు చస్తే, "మామూలేలే" అనుకోవడానికి వీలుండదు. ఇప్పుడు ఏడాది పొడవునా అలారం మోగుతూనే ఉంది కాబట్టి ఎవరికీ వినపడటం లేదు.

బర్డ్ ఫ్లూకే టీకా వెయ్యవచ్చు కదా అని అడుగుతారు. చైనాలో వేస్తున్నారు, ఫ్రాన్స్‌లో 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తున్నారు. మన దేశం పద్ధతి మాత్రం దొరికిన చోట చంపి, పూడ్చి, అక్కడితో ఆపడం. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అని ఇక్కడ తేల్చబోవడం లేదు. ఆ పద్ధతి నడవాలంటే మొదటి కబురు వేగంగా రావాలి. మొదటి కబురు చెప్పవలసింది అత్తయ్య. ఇప్పుడు ఆ లెక్కకొద్దాం.

వైరస్ తేలితే చుట్టూ కిలోమీటరు దూరంలో ఉన్న కోళ్ళు, బాతులు అన్నీ చంపెయ్యాలి. పది కిలోమీటర్ల దాకా నిఘా. మా లంక కొలతలు ఇందాక చెప్పాను. మధ్యలో గీత గీస్తే మూడింట రెండు వంతులు ఆ కిలోమీటరులోనే పడతాయి. అంటే అత్తయ్య ఒక్క ఫోన్ చేస్తే పక్కింటివాళ్ళ కోళ్ళు, ఎదురింటి పొదుగుపెట్ట, పెద్దరైతు తోటలో ఉన్న ఆసామి డేగ, అన్నీ పోతాయి. ఆమె రేపు అదే రేవులో ఆ ఆడవాళ్ళతోనే బట్టలుతకాలి. "నీ నోటివల్లే" అనే మాట పదేళ్ళు మొయ్యాలి. పట్నంలో కూర్చుని బాధ్యత గురించి మాట్లాడటం తేలిక, లంకలో మనుషులు తిరిగి చూసుకునేది ఒకరి ముఖం ఒకరు.

ఇక పరిహారం. కేంద్రం సగం, రాష్ట్రం సగం భరిస్తాయి. అయితే అది అధికారులు చంపిన పక్షులకు. అంతకు ముందే తెగులుతో చచ్చినవాటికి లేదు. త్వరగా చెప్పండి, ఎక్కువ పక్షులకు వస్తుంది అని ఆ నిబంధన ఉద్దేశం కావచ్చు. ఫారంలో పదివేల కోళ్ళున్న ఆయనకు అది అర్థమవుతుంది. రోజుకు వంద పోతే వెంటనే ఫోన్ చేస్తాడు. పన్నెండు కోళ్ళున్న ఇంట్లో మొదటి రాత్రే సగం పోతాయి. అనుమానం వచ్చి, కబురు వెళ్ళి, నమూనా భోపాల్ చేరి, ఫలితం వచ్చేసరికి చంపడానికి మిగిలేది ఏముంటుంది? రెండో మూడో. వాటి డబ్బు తరవాతెప్పుడో ఖాతాలో పడుతుంది. ఎదురుగా గంపాయన నిలబడి ఇప్పుడే నోట్లు ఇస్తానంటున్నాడు.

నేను అడిగేది ఒక్కటే. మొదట కబురు చెప్పిన ఇంటికి, అప్పటికే చచ్చిన కోళ్ళతో సహా, ల్యాబ్ ఏం చెప్పినా సరే, చేతికి డబ్బివ్వాలి. కొక్కెర అని తేలినా ఇవ్వాలి. దొంగలెక్కలు చెబుతారని అభ్యంతరం వస్తుందని తెలుసు. ముసలి కోడిని చంపేసి తెగులని చెబుతారు, పక్క ఊరి కోళ్ళు తెచ్చి చూపిస్తారు. చెయ్యరని నేననను, మా చుట్టాల్లోనే అలాంటివాళ్ళున్నారు. కానీ వంద గడపల లంకలో ఎవరింట్లో ఎన్ని కోళ్ళున్నాయో తెగులు రాకముందే రాసి ఉంటే ఆ దొంగతనం ఎంత? నాలుగు కోళ్ళు. ఒక్క ఫారంలో అదే తెగులు పాకితే పోయేదాని ముందు అది లెక్కలోకి రాదు.

రాయడం అనేసరికి అసలు చిక్కు. దేశంలో 2019 పశుగణన ప్రకారం 85 కోట్ల కోళ్ళూ బాతులూ ఉంటే అందులో 31 కోట్లకు పైగా పెరటివి. ఐదేళ్ళకో ఏడేళ్ళకో ఒకసారి లెక్క. నాటుకోడి అయితే ఏడాదిలో పుట్టి, పెరిగి, పులుసై పోతుంది. బ్రిటన్‌లో 2024 నుంచి ఒక్క కోడిని పెంచినా పేరు నమోదు చేసుకోవాలి. మనకు అంత అక్కర్లేదు. లంకలో డ్వాక్రా సంఘాలున్నాయి, ప్రతినెలా సమావేశం ఉంది, పుస్తకం రాసే మనిషి ఉంది. పొదుపు పక్కన ఇంకో గడి గీస్తే చాలు. ఎవరికి ఏమిచ్చారో ఎవరు కట్టలేదో గుర్తుంచుకునే ఆ ఆడవాళ్ళ దగ్గర కోళ్ళ లెక్క తప్పదు.

కోళ్ళను బయటికి వదలకండి అనే సలహా గురించి కూడా ఒక మాట. అత్తయ్యకు చెబితే నవ్వింది. "కట్టేసి మేపితే నూకలు నువ్వు పంపుతావా?" అంది. నిజమే. నాటుకోడి లాభమంతా అది తన తిండి తాను ఏరుకోవడంలోనే ఉంది. చలికాలం మూడు నెలలూ మూసి పెంచమంటే మేత ఎవరిదో కూడా చెప్పాలి. డబ్బు లేకుండా అయ్యేవి కొన్నున్నాయి. జాలర్ల దగ్గర చిరిగిన వలలు ఊరికే పడి ఉంటాయి, పైన గడ్డి కప్పి చుట్టూ వల కడితే దొడ్డి అవుతుంది. తాగునీళ్ళు రేవులో కాకుండా ఇంటి దగ్గర తొట్లో పొయ్యాలి. కోడి ఎరువు తెచ్చేవాళ్ళు చలికాలం తెచ్చుకోకుండా ఎండల దాకా ఆగాలి, లేదా ఇళ్ళకు దూరంగా పట్టా కప్పి కుళ్ళబెట్టాలి.

పూడ్చడం గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు. లోతైన గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలంటారు. లంకలో ఒక మనిషి లోతు తవ్వితే చాలాచోట్ల నీరు ఊరుతుంది. ఇసుకమన్ను, మళ్ళీ వరదొస్తే గొయ్యి తెరుచుకుంటుంది. మెరక చోటు ఏదో, అది ఎవరి పొలమో, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తెగులొచ్చిన రోజు అడిగితే కొట్లాటే. ముందే అడిగి పెట్టుకోవాలి. ఏట్లో వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అందుకే ఏట్లోకి వెళ్తాయి.

మొన్న కార్తీకంలో వనభోజనాల వంకతో లంకకు వెళ్ళాను. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుందని అత్తయ్యకు చెప్పాను. "అంబులెన్సు పడవ ఎక్కుతుందా?" అంది. డాక్టరు ఎక్కుతాడు కదా అన్నాను. చూద్దాంలే అన్నట్టు తలూపింది. సంఘం రెండో లీడరు దగ్గర పుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరిగాం, నేనూ అత్తయ్యా. కొందరు నవ్వుతూ చెప్పారు. ఒకావిడ కోళ్ళను లెక్కపెడితే దిష్టి తగులుతుందని తలుపు వేసేసింది. ఒకాయన తన దొడ్లో ఉన్న మూడు పుంజులూ తనవి కావన్నాడు, ఎవరివంటే చెప్పలేదు. సగపాలుకి పెట్టలిచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ ఆ కోడి ఎవరి గడిలో రాయాలో అక్కడే తగువు పెట్టుకున్నారు, పరిహారం వస్తే ఎవరిదని. ఆ తగువు ఇప్పుడే రావడం నయం.

అత్తయ్య గడిలో పదిహేడు అని రాశాం. సాయంత్రం పడవ ఎక్కుతుంటే గట్టు మీద కోళ్ళాయన ఖాళీ గంపలు దింపుతున్నాడు. ఆయన పేరు, ఫోన్ నంబరు ఆ పుస్తకంలో ఉండాలని అప్పుడు తట్టింది. అడిగితే ఇచ్చాడు. ఏ ఊళ్ళ నుంచి వస్తున్నావంటే మటుకు, "అన్ని ఊళ్ళూ" అని నవ్వాడు.